‘కపుట్’ లాటిన్ తల నుంచి రాలేదు

ప్రశ్న: నేను వరంగల్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. అతని గదిలో హీటర్ పనిచేయకపోతే ఇంటి యజమానురాలు వచ్చి చూసి ‘కపుట్’ అన్నారట. మరో రోజు సాయంత్రం పని నుంచి వస్తూ ‘నేను కపుట్’ అని తన గురించే చెప్పుకున్నారట. ఇంగ్లీషు నిఘంటువులో కూడా ఈ మాట ఉంది. పక్కనే ‘వ్యావహారికం, జర్మన్ నుంచి’ అని రాశారు. మా తోటి ఉపాధ్యాయుడు మాత్రం ఇది తల అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచే వచ్చిందని, తల పోతే అంతా పోయినట్టే కాబట్టి అర్థం కూడా సరిపోతుందని అంటున్నారు. ఏది నిజం? పదో తరగతి పిల్లలకు ఈ మాట నేర్పవచ్చా? మా అబ్బాయి ఇంటి యజమానురాలికి ఉత్తరం రాస్తే అందులో వాడవచ్చా?

సమాధానం:

అమ్మా, నమస్కారం. మీ నిఘంటువు చెప్పిందే నిజం. ఇంగ్లీషు ఈ మాటను జర్మన్ నుంచే తీసుకుంది. అయితే జర్మన్‌కు ఇది సొంత మాట కాదు. అక్కడికి ఫ్రెంచి నుంచి వచ్చింది, అదీ పండితుల గ్రంథాల ద్వారా కాక పేకాట ద్వారా వచ్చిందని భాషా చరిత్రకారులలో ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. మీ తోటి ఉపాధ్యాయుని ఊహ ఎక్కడ తప్పిందో ముందు చెబుతాను. ఆ తప్పు చాలామంది చదువుకున్నవారు చేసేదే కాబట్టి దాన్ని తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

లాటిన్‌లో ‘కపుట్’ అంటే తల అన్నది నిజమే. ‘పర్ క్యాపిటా’, ‘క్యాపిటల్’, ‘కెప్టెన్’ వంటి మాటలన్నీ ఆ తల నుంచి వచ్చినవే. మన పత్రికలు ‘పర్ క్యాపిటా’ను ‘తలసరి ఆదాయం’ అని రాయడంలో కూడా ఆ లాటిన్ తలే తెలుగు తలగా మారింది. కాబట్టి ‘కపుట్’ అన్న శబ్దం వినగానే చదువుకున్నవారి మనసు లాటిన్ వైపు పోవడం సహజం. కానీ రెండు భాషల్లోని రెండు మాటలు ఒకేలా వినిపించడం బంధుత్వానికి రుజువు కాదు. ఈ రెండు భాషల విషయంలో అయితే అది అనుమానానికే ఎక్కువ కారణం కావాలి. ఎందుకంటే లాటిన్, జర్మన్, ఇంగ్లీషు ఒకే మూలభాష నుంచి పుట్టిన దాయాది భాషలు. అవి విడిపోయినప్పుడు లాటిన్‌లో ‘క’గా నిలిచిన ధ్వని, జర్మన్, ఇంగ్లీషుల శాఖలో మాట మొదట ‘హ’గా మారింది. లాటిన్‌లో కొమ్ము ‘కోర్ను’ అయితే ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ అది ‘హార్న్’. లాటిన్‌లో నూరు ‘కెంటుం’ అయితే ఇంగ్లీషులో ‘హండ్రెడ్’, జర్మన్‌లో ‘హుండెర్ట్’. ఇదే లెక్కన తల అనే లాటిన్ మాటకు జర్మన్‌లో పుట్టు బంధువు ఎవరని అడిగితే ‘హౌప్ట్’ అని చెప్పాలి, ఇంగ్లీషులో అయితే ‘హెడ్’ అని చెప్పాలి. ‘హౌప్ట్’ మీ అబ్బాయికి రోజూ కనిపించే మాటే. ఏ నగరంలో రైలు దిగినా ప్రధాన స్టేషన్ మీద ‘హౌప్ట్‌బాన్‌హోఫ్’ అని రాసి ఉంటుంది, అంటే ‘తల వంటి స్టేషన్’ అని. జర్మన్ తన సొంత తలను ఆ రూపంలో దాచుకుంది. ‘కపుట్’ మొదట్లో ‘క’ చెక్కుచెదరకుండా ఉందంటే, ఆ మాట ఈ మార్పులన్నీ ముగిసిన చాలా కాలం తరువాత బయటి నుంచి వచ్చి చేరిందన్నమాట.

అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ‘పికే’ అనే పాత ఫ్రెంచి పేకాట గురించి కొంత చెప్పుకోవాలి. దీనిని ఇద్దరు ఆడతారు. ఏడు నుంచి ఏస్ వరకు ఉన్న 32 ముక్కలతో ఆట నడుస్తుంది. ఒక్కొక్కరికి 12 ముక్కలు పంచి, మిగిలిన 8 ముక్కలను మార్చుకోవడానికి బల్ల మీద ఉంచుతారు. ఆపైన వంతుకొక ముక్క చొప్పున ఇద్దరూ వేసుకుంటూ పోతే మొత్తం 12 వంతులు వస్తాయి. పెద్ద ముక్క వేసినవారిది ఆ వంతు. సగానికి మించి వంతులు గెలిచినవారికి 10 పాయింట్లు. పన్నెండుకు పన్నెండూ ఒకరే గెలిస్తే మాత్రం 40 పాయింట్లు. ఆ పూర్తి గెలుపు పేరే ‘కపో’. ఫ్రెంచిలో రాసేటప్పుడు చివర ‘ట’కారం ఉంటుంది గాని ఇప్పుడు దాన్ని పలకరు. ‘కపో చేయడం’ అంటే ఎదుటివానికి ఒక్క వంతు కూడా దక్కకుండా చేయడం, ‘కపో కావడం’ అంటే ఒక్కటీ దక్కక చేతులు ఖాళీగా మిగలడం. ఇక్కడ ఓటమి మామూలు ఓటమి కాదు. పది వంతులు ఓడి రెండు గెలిచినవాడు కూడా కపో కాడు. అందుకే ఈ మాటలో మొదటి నుంచీ ‘కొంత చెడింది’ అనే అర్థానికి చోటు లేదు, ‘ఏమీ మిగలలేదు’ అనే అర్థమే ఉంది. మూడు వందల యాభై ఏళ్ల తరువాత కూడా ఇంగ్లీషులో ఈ మాట పలికితే వినిపించే తుది నిర్ణయపు స్వరం ఆ పన్నెండు వంతుల నుంచి వచ్చిందేనని నా అభిప్రాయం.

మరి ఆ ఫ్రెంచి మాటకు అసలు అర్థమేమిటి? ‘కపో’ అంటే తల మీదుగా కప్పుకునే ముసుగు, లేదా ముసుగున్న పై వస్త్రం. నేటి ఫ్రెంచిలో కారు బానెట్‌ను కూడా కపో అనే అంటారు. పూర్తిగా ఓడినవానికి ముసుగు కప్పేసినట్టు అన్న భావన ఉండి ఉంటుందని కొందరు అంటారు. నావికుల భాషలో ‘కపో చేయడం’ అంటే తెరచాపలతో పోతున్న ఓడ గాలివానకు తలకిందులు కావడం. పేకాటకు మాట అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చునని మరికొందరు అంటారు. ఆ నావికుల అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ఫ్రెంచివారు ఒక పథకం విఫలమైందని చెప్పడానికి ‘కపోతే’ అనే క్రియ వాడతారు, దానికి అసలు అర్థం బోల్తాపడటం. మన ‘బోల్తాపడింది’ కూడా బండి నుంచి ఎన్నికల దాకా అన్నింటికీ వాడే మాటే కాబట్టి ఈ మార్పు మనకు వింతగా తోచదు.

ఇక్కడ మీ తోటి ఉపాధ్యాయునికి కొంత ఊరట ఉంది. ముసుగు అనే అర్థంలోని ఫ్రెంచి మాటలకు మూలం చివరి కాలపు లాటిన్‌లోని ‘కప్పా’, అంటే ముసుగున్న అంగీ. ఆ ‘కప్పా’ను తల అనే మాటతో ముడిపెట్టే పండితులు ఉన్నారు. అదే సరైనదైతే ‘కపుట్’కు లాటిన్ తలతో నాలుగైదు తరాల అవతల దూరపు బంధుత్వం ఉన్నట్టే. కానీ అది తల నుంచి అంగీకి, అంగీ నుంచి ముసుగుకు, ముసుగు నుంచి పేకాటకు, పేకాట నుంచి పాడైన హీటర్‌కు సాగిన వంకరదారి. ‘తల తెగింది కనుక పని అయిపోయింది’ అనే తిన్నని దారి మాత్రం ఎన్నడూ లేదు.

పేకాట మాట జర్మన్‌లో ఎప్పుడు చేరిందో చెప్పే ఆధారాలు 1640ల నాటివి. ఆ కాలం గురించి తెలిసినవారికి ఈ తేదీ ఊరకే వచ్చింది కాదని అర్థమవుతుంది. 1618 నుంచి 1648 వరకు జర్మన్ నేల మీద ముప్పై ఏళ్ల యుద్ధం సాగింది. ఫ్రెంచి, స్వీడిష్, స్పానిష్, స్కాటిష్ సైనికులు, జీతానికి పోరాడే కిరాయి దళాలు ఊళ్లమీదుగా నడిచాయి. ఊళ్లకు ఊళ్లు పాడుబడ్డాయి. ఆకలికీ జబ్బులకూ లక్షలాది మంది చనిపోయారు. శిబిరాల్లో సైనికులు పేకాడుతూ పొద్దుపుచ్చేవారు. ఒకరి మాట మరొకరి నోట పడేది. మొదట్లో జర్మన్‌లో ‘కపుట్ చేయడం’ అంటే మట్టుబెట్టడం, సర్వనాశనం చేయడం అన్న అర్థంలోనే కనిపిస్తుంది. హీటర్లూ గడియారాలూ చెడిపోవడం తరువాతి కాలపు మాట. పేకాటలో ఒక్క ముక్క కూడా దక్కనివాని పేరును, ఏమీ మిగలని మనుషులకూ ఊళ్లకూ ఆనాటి సైనికులు పెట్టారు. ఈ మాట చరిత్రలో నా మనసును ఎక్కువగా కలచివేసేది ఈ ఘట్టమే. పిల్లలకు చెప్పేటప్పుడు మీరు దీన్ని వదిలేయవద్దని కోరుతున్నాను.

ఆట మాట యుద్ధానికీ, యుద్ధం నుంచి ఇంటికీ చేరడం మన భాషకు కొత్త కాదు. చదరంగంలో రాజుకు కదలిక లేకుండా చేయడం ‘ఆటకట్టు’. ఈ రోజు ఏ తెలుగు పత్రిక తెరిచినా ‘దొంగల ముఠా ఆట కట్టించిన పోలీసులు’ అనే శీర్షిక దొరుకుతుంది. అది చదివేవారిలో చదరంగం గుర్తుకు వచ్చేవారు ఎందరు ఉంటారు? ‘తురుపు ముక్క’ కూడా అంతే. ఎన్నికల వార్తల్లో ఆ మాట కనిపించినప్పుడు పేకముక్కలు ఎవరి కళ్ల ముందూ మెదలవు. జర్మన్‌వారికి కూడా ‘కపుట్’లో పికే ఆట కనిపించడం మానేసి ఎన్నో తరాలు గడిచాయి. మీ తరగతిలో ముందు ‘ఆటకట్టు’తో మొదలుపెట్టి అక్కడి నుంచి ‘కపుట్’కు వెళితే పిల్లలకు దారి సులువవుతుంది.

ఇక మీ అబ్బాయి విన్న రెండు వాడుకల సంగతి. నేటి జర్మన్‌లో ఈ మాట పదును చాలావరకు తగ్గి, ఇంటింటి మాట అయింది. బొమ్మ విరిగినా, గడియారం ఆగినా, చొక్కా చిరిగినా, హీటర్ పనిచేయకపోయినా కపుట్ అంటారు. అంతే సహజంగా, ఒళ్లు పులిసిపోయేలా అలసినవారు ‘నేను కపుట్’ అని చెప్పుకుంటారు. దాని అర్థం ‘నాకు ఓపిక లేదు’ అని, ప్రాణం మీదికి వచ్చిందని కాదు కాబట్టి మీ అబ్బాయి కంగారు పడనవసరం లేదు. పగలబడి నవ్వడాన్ని కూడా ‘కపుట్ అయ్యేలా నవ్వడం’ అంటారు. సంసారం ఛిన్నాభిన్నమైనా అదే మాట. తెలంగాణలో మనం ‘ఖరాబైంది’ అనే చోట్లలో చాలావాటికి జర్మన్ ‘కపుట్’ సరిపోతుంది. పాలు విరగడానికి తప్ప యంత్రం, ఆరోగ్యం, సంబంధం అన్నింటికీ ఇది పనికి వస్తుంది. కోస్తాలో ‘పాడైపోయింది’ అంటారు. కానీ వీటన్నింటికంటే దగ్గరి మాట మనందరికీ ఉమ్మడిగా ఉంది, అది ‘పనైపోయింది’. ‘ఈ ఫ్యాను పనైపోయింది’, ‘వాడి పనైపోయింది’, ‘మెట్లెక్కేసరికి నా పనైపోయింది’ అనే మూడు వాక్యాలను గమనించండి. యంత్రం చెడటం, మనిషి పతనం, ఒంటి అలసట మూడూ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. జర్మన్ మాట పరిధి కూడా సరిగ్గా అదే. నిఘంటువులు ఇచ్చే ‘విరిగిన, చెడిన’ అనే అర్థాలకంటే పిల్లలకు ఈ తెలుగు మాటే మేలైన అనువాదం.

ఇంగ్లీషుకు వచ్చేసరికి పరిధి కుంచించుకుపోయింది. పదిహేడో శతాబ్దంలోనే పేకాటతోపాటు ఫ్రెంచి ‘కపో’ను ఇంగ్లీషువారు నేరుగా తీసుకున్నారు. కానీ అది ఆట దాటి బయటికి రాలేదు. అదే మాట జర్మన్ రూపంలో రెండోసారి 1895 ప్రాంతంలో ఇంగ్లీషు రాతలో కనిపిస్తుంది. ఒకే మాట రెండు దారుల్లో ఒకే భాషకు చేరి, ఒక దారిలో వచ్చింది ఆటతోపాటే మరుగున పడి, రెండో దారిలో వచ్చింది నిలబడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం. దాన్ని జనం నోట నిలబెట్టింది మరో యుద్ధం. 1914 నుంచి 1918 వరకు సాగిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఎదుటి కందకాల్లోని సైనికుల నుంచి, పట్టుబడిన వారి నుంచి బ్రిటిష్, అమెరికన్ సైనికులు ఈ మాట విని ఇళ్లకు తీసుకువెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇది రష్యన్ నోళ్లలోనూ నానింది. లొంగిపోయే జర్మన్ సైనికులు చేతులెత్తి ‘హిట్లర్ కపుట్’ అనడం ఆ యుద్ధపు జ్ఞాపకాల్లో భాగమైపోయింది. అంటే యుద్ధంలో జర్మన్‌లోకి వచ్చిన మాట యుద్ధాల ద్వారానే జర్మన్‌ను దాటి బయటికి వెళ్లింది.

ఇలా వచ్చిన ‘కపుట్’కు ఇంగ్లీషులో అలసట అనే అర్థం సాధారణంగా లేదు. యంత్రమో, వ్యాపారమో, పథకమో, పెళ్లి సంబంధమో ఇక బాగుపడే ఆశ లేకుండా ముగిసిపోయిందని చెప్పడానికే వాడతారు. కొంచెం తేలికపాటి ధోరణి కూడా ఆ మాటలో ఉంటుంది. అందువల్ల కష్టంలో ఉన్న మనిషి గురించి, చనిపోయినవారి గురించి ఇంగ్లీషులో ఈ మాట వాడితే వినేవారి మనసు నొచ్చుకుంటుంది. ‘ఆ ఇంజిన్ కపుట్’ అనవచ్చు, ‘ఆయన కపుట్’ అనకూడదు. ఇంకొక చిన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి. ఇంగ్లీషులో ఇది దాదాపు ఎప్పుడూ వాక్యం చివర, క్రియ తరువాతే వస్తుంది. ‘కపుట్ కారు’ అని నామవాచకానికి ముందు పెట్టరు, ‘కారు కపుట్ అయింది’ అన్న పద్ధతిలోనే రాస్తారు. జర్మన్‌వారు మాత్రం మాట్లాడేటప్పుడు ముందు కూడా పెడతారు. వర్ణక్రమంలో ఇంగ్లీషులో చివర ఒక ‘టీ’ అక్షరం చాలు, జర్మన్‌లో రెండు ఉండాలి. ఊనిక రెండింటిలోనూ ‘పుట్’ మీదే.

‘వ్యావహారికం’ అన్న నిఘంటువు ముద్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది తప్పు మాట అనీ, చెడ్డ మాట అనీ ఆ ముద్రకు అర్థం కాదు. ఏ దారిలో వచ్చింది, ఎవరి నోట తిరిగింది అన్నదానికి అది గుర్తు. ఇంగ్లీషులోకి జర్మన్ నుంచి వచ్చిన మరో మాట ‘కిండర్‌గార్టెన్’. ‘పిల్లల తోట’ అని అర్థమిచ్చే ఆ పేరును 1840లో ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్ అనే విద్యావేత్త పెట్టాడు. మన ఊళ్లలోని ఎల్‌కేజీ, యూకేజీలలోని ‘కేజీ’ అదే. బడి ద్వారా వచ్చినందున అది ప్రభుత్వ పత్రాల్లో కూడా కూర్చుంది. ‘కపుట్’ సిపాయిల సంచుల్లో వచ్చినందున వీధిలోనే ఉండిపోయింది. అలాగే ‘ఏమీ లేదు, వద్దు’ అనే అర్థంలో ‘నిక్స్’, ఎదుటివారిని ఒప్పించడానికి చేసే సుదీర్ఘ ప్రసంగానికి ‘స్పీల్’ కూడా జర్మన్ మాటలే, అవి కూడా పామరుల నోటి మీదుగానే ఇంగ్లీషుకు చేరాయి. హైదరాబాదులో మనం రోజూ పిలిచే ‘ఉబర్’ పేరు కూడా ‘పైన, మించి’ అనే జర్మన్ మాట నుంచి వచ్చిందే.

మీ అబ్బాయికి నా సలహా ఇది. ఇంటి యజమానురాలు ఎదురైనప్పుడు ‘హీటర్ కపుట్’ అని చెప్పడంలో ఏ అమర్యాదా లేదు, ఆమె కూడా అలాగే మాట్లాడతారు. ఉత్తరం రాసేటప్పుడు మాత్రం, ముఖ్యంగా మరమ్మతు కోసమో అద్దె తగ్గింపు కోసమో రాసే ఉత్తరంలో, ‘డిఫెక్ట్’ అనే మాట వాడాలి. లిఫ్టుల మీద, టికెట్ యంత్రాల మీద అతికించే నోటీసుల్లో కనిపించేది కూడా అదే. తన అలసట గురించి ప్రొఫెసర్‌కు రాయవలసి వస్తే ‘ఎర్‌షోప్ఫ్‌ట్’ అనే మాట గౌరవంగా ఉంటుంది. పక్క గదుల్లో టర్కీ కుటుంబాలవారు ఉంటే, వారి భాషలో ‘కపుట్’ అంటే సిపాయిల పొడవాటి కోటు, కారు బానెట్ అన్న అర్థాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోమనండి. వారు ఆ మాటను ఫ్రెంచి ముసుగు నుంచే తీసుకున్నారు.

పదో తరగతి పిల్లలకు నిస్సంకోచంగా నేర్పండి. చదివి అర్థం చేసుకోవడానికి, కథల్లో పాత్రల సంభాషణ రాయడానికి వాడనివ్వండి. పరీక్ష వ్యాసంలో, దరఖాస్తులో, ప్రధానోపాధ్యాయునికి రాసే లేఖలో మాత్రం ‘బ్రోకెన్’, ‘అవుట్ ఆఫ్ ఆర్డర్’ వంటి మాటలు రాయమనండి. మూలం చెప్పేటప్పుడు ‘పేకాట నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు భావిస్తున్నారు’ అని చెప్పండి. ముసుగా, బోల్తాపడిన ఓడా అన్నది ఇంకా తేలలేదని కూడా చెప్పండి. వీలైతే మీ తోటి ఉపాధ్యాయుణ్ణి కూడా ఆ రోజు తరగతికి పిలిచి, ‘హార్న్’, ‘హండ్రెడ్’, ‘హెడ్’ అనే మూడు మాటలను వాటి లాటిన్ దాయాదుల పక్కన బోర్డు మీద ఆయన చేతనే రాయించండి. లాటిన్ తెలిసిన మనిషి కాబట్టి ఆ పాఠం ఆయన నోట వింటేనే పిల్లలకు బాగుంటుంది.